పది గ్రాములు దాటితే

ఫైనల్‌కి ఇంకా గంట టైముంది. గంటంటే ఎంతలే, ఒక కుట్టుమిషను విప్పి, పీచు దులిపి, నూనె పోసి, మళ్లీ బిగించి బెల్టు తొడిగేంత సేపు అని ఆమె తన పద్ధతిలో కొలుచుకుంది. ముప్పై ఏళ్లుగా మిషన్లు బాగుచేస్తున్న మనిషికి గడియారంతో పెద్దగా పని ఉండదు, ఎంత పొద్దయిందో చేతులే చెబుతాయి, కానీ ఇవాళ ఆ చేతుల్లో కుడిది ఖాళీగా లేదు, పిడికిలి బిగించి ఒళ్లో ఉన్న బ్యాగు కింద దాక్కుని ఉంది, ఆ పిడికిట్లో ఒక బాబిన్ ఉంది. మిషను అడుగున తిరుగుతూ కింది దారం అందిస్తుందే, ఆ చిన్న స్టీలు చక్రం, చుట్టూ ఎర్రదారం, అరచేతి చెమటకు కొంచెం తడిసింది. ఆటల హాలంతా భోజనాల సందడి, మడత కుర్చీలు కిర్రుమంటున్నాయి, ఎవరో పెద్దాయన అరటిపండు తొక్క ఎక్కడ పడేయాలో తెలియక చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు, మధ్యలో నల్లటి గుండ్రటి బరి మాత్రం ఒంటరిగా, అంచున తెల్లటి పట్టీతో, ఇంకా ఎవరూ వడ్డించుకోని పళ్లెంలా ఉంది. ఆ పక్కన తాడు కట్టిన బల్ల మీద కుస్తీ యంత్రాలు రెండు, ఫైనల్ దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు, అది నియమం. ఒకటి పోయినేడు గెలిచినవాళ్లది, రెండోది వీళ్లది, మొండిఘటం. పేరు వదిన పెట్టింది. ఎవరిని చూసి పెట్టావు వదినా అని అడిగితే నిన్ను చూసే అంది, పేపరు వెనక నుంచి అన్నయ్య దగ్గాడు. ఆ వదిన ఇప్పుడు పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని నిద్రపోతోంది. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి, నిద్రలో కూడా పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నట్టే ఉంటుంది, మెడ ఒక్క అంగుళం వాలదు.

ఎంత హాయిగా పడుకుందో చూడు, పడుకోదూ మరి, సెమీఫైనల్ గెలిచిందిగా, రెండు ఒకటి. మొదటి పట్టు వీళ్లది, రెండోది ఎదుటి పక్షం పళ్ల డాక్టరుది, మూడోది వీళ్లది. ఈ కుస్తీలో రిమోట్లు ఉండవు, మీట నొక్కి చేయి తీసేసి బరికి దూరంగా జరగాలి, అయిదు సెకన్లు యంత్రం ఉలకకూడదు పలకకూడదు, ఆ తర్వాత దాని కళ్లు దానివే, దాని బుద్ధి దానిదే, ఎదుటిదాన్ని వెతుక్కుని బరిలోంచి బయటికి నెట్టాలి, తెల్ల అంచు కనబడితే తనే వెనక్కి తిరగాలి. పళ్ల డాక్టరు యంత్రం పేరు జ్ఞానదంతం, పేరుకు తగ్గట్టే ఒకచోట పాతుకుందంటే ఎంత తోసినా కదలదు. మూడో పట్టులో రెండూ ముక్కు ముక్కు ఆనించుకుని గిరగిరా చక్రాలు తిప్పుతున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడయింది. ఆమె చెవికి తప్ప ఎవరికీ వినబడలేదు, బాబిన్ రాలితే ఎలా చప్పుడవుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది, రోజుకు పదిసార్లు వినే చప్పుడది. ఎర్రగా ఏదో దొర్లింది, తెల్ల పట్టీ దాటి, కిందికి దూకి, నేల మీది పచ్చగీతలూ నీలిగీతలూ దాటుకుంటూ నేరుగా ఆమె చెప్పు దగ్గరికే వచ్చి ఆగింది. ఆ తర్వాత రెండు సెకన్లకు జ్ఞానదంతం బరిలోంచి వెల్లకిలా పడింది, హాలు హోరెత్తింది, వదిన లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది, ఆ వదిన, పెళ్లి ఫోటోలో కూడా పళ్లు కనబడని వదిన. ఇటు పక్కనే ఆమె కాలు ముందుకు జరిగి బాబిన్ మీద పడింది. ఆలోచించి వేయలేదు, కాలు దానంతటదే వేసింది అని అప్పటి నుంచీ తనకు తానే చెప్పుకుంటోంది, చెప్పుకున్న ప్రతిసారీ కాలు కొంచెం బరువెక్కుతోంది.

పట్టు జరుగుతుండగా యంత్రం నుంచి పది గ్రాములు దాటిన ముక్క ఏది రాలినా ఆ పట్టు ఎదుటివాళ్లది. అంటే రెండు ఒకటి తలకిందులై ఫైనల్లో ఉండాల్సింది పళ్ల డాక్టరు. పది దాటకపోతే ఏ గొడవా లేదు. ఇంకో నియమం కూడా ఉంది, ఫైనల్ మొదలైతే పాత పట్టుల మీద ఎవరూ నోరెత్తడానికి లేదు, అంటే గడియారం రెండు కొట్టేదాకా ఈ పిడికిలి విప్పకపోతే ఇక విప్పే పనే లేదు. తూకం బల్ల అదిగో, ఇరవై అడుగుల దూరం. దాని వెనక రిఫరీ, పోస్టాఫీసులో పార్శిళ్లు తూచే ఆవిడ, అర గ్రాము ఎక్కువైతే ఇంకో స్టాంపు అంటించమనే రకం, నోట్లో ముద్ద ఉండగా కూడా కళ్లు హాలంతా తిరుగుతున్నాయి. ఇందాక ఆవిడ నీళ్ల సీసా కోసం ఇటు వస్తే ఆమె గబుక్కున బ్యాగు సర్దుకుంది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో యాభై నాలుగేళ్లకు అనుభవంలోకి వచ్చింది. ఒట్టి బాబిన్ తొమ్మిది గ్రాములు, అది ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. దారం ఎంత? అది వదినకే తెలుసు.

లేపి అడగొచ్చు. అడిగితే ఎందుకంటుంది. ఎందుకో చెబితే ఆ పైకెత్తిన చేతులు కిందికి దిగుతాయి. రిటైరయ్యాక ఆరు నెలలు వదిన ఎలా ఉందో ఆమెకూ అన్నయ్యకూ తప్ప ఎవరికి తెలుసు, దిద్దడానికి నోటుపుస్తకాలు లేక, పాల ప్యాకెట్ల మీద తేదీలు చదువుతూ, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదుటి గోడలో ఇటుకలు లెక్కపెట్టేది, అన్నయ్య కావాలని తప్పు లెక్క చెప్పినా ఊఁ అని ఊరుకునేది. అన్నయ్య భయపడిపోయాడు, మీ వదిన నన్ను తిట్టి నాలుగు రోజులయిందే, డాక్టరుకు చూపిద్దామా అన్నాడు. అప్పుడే షాపు ఎదుటి జిరాక్సు కొట్టు గోడ మీద ఈ పోటీ కాగితం అంటించారు. తాళాలు ఇవ్వడానికి వచ్చిన వదిన అక్కడే నిలబడి నియమాలన్నీ చదివింది, ఒక జిరాక్సు తీయించుకుని ఇంటికి వచ్చి అద్దాలు మార్చుకుంది, ఇందులో మూడు తప్పులున్నాయే అంది, ఆ గొంతులో ఆరు నెలల తర్వాత ప్రాణం వచ్చింది. బరి అడ్డంకొలతకూ చుట్టుకొలతకూ పొంతన లేదు. యంత్రం ఇరవై సెంటీమీటర్ల చదరంలో పట్టాలన్నారు గానీ మొదలుపెట్టే ముందా, మొదలయ్యాక కూడానా చెప్పలేదు. మూడోది, ఏ ముక్క రాలినా ఓడినట్టే అన్నారు, మరి ఒక తుప్పు పెచ్చు రాలితేనో, నూనె చుక్క కారితేనో, బరువు హద్దు ఉండాలి, పది గ్రాములు పెట్టండి అని నాలుగు పేజీల ఉత్తరం రాసింది. వాళ్లు మూడూ దిద్దుకుని, ఇంత బాగా చదివినవాళ్లు మీరొక్కరే, మీరే ఎందుకు పోటీకి రాకూడదు అని జవాబు రాశారు. ఆ పది గ్రాములు వదిన పెట్టిన పది గ్రాములే. తను తీసిన గోతిలో తనే పడ్డం అంటే ఇదేనేమో, కాకపోతే గోతిలో పడ్డామని వదినకింకా తెలియదు, హాయిగా నిద్రపోతోంది.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఈ ఇంటికి వచ్చిన రోజే గోడగడియారం నాలుగు నిమిషాలు వెనకుందంది, నిజంగానే ఉంది, అదీ బాధ, ఎప్పుడూ నిజమే అవుతుంది. కానప్పుడు కూడా అయినట్టే. ఒకసారి ముగ్గురూ రైలెక్కారు, వదినే ముందు నడిచి ఎక్కించింది, ఊరు కాని ఊరు వచ్చింది, చీకటి పడింది, చుట్టూ చెరుకు తోటలు, టిక్కెట్లు చూడటానికి వచ్చినాయన నవ్వాపుకుంటున్నాడు, వదిన మాత్రం కిటికీలోంచి బయటికి చూసి ఈ రైలు దారి తప్పింది అంది. అన్నయ్య ఆ రాత్రంతా ప్లాట్‌ఫారం బల్ల మీద పడుకుని నవ్వుతూనే ఉన్నాడు. మీ వదిన తప్పు చేయదే, తప్పే భయపడి మీ వదిన జోలికి రాదు, అని. ముప్పై రెండేళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదు అని ఎవరైనా అడిగితే మిషన్లు తీరిక ఇవ్వలేదు అంటుంది ఆమె, కానీ అసలు సంగతి, ఆ ఇంట్లో ఆమెకు ఏ లోటూ అనిపించలేదు, పొద్దున్నే వదిన అన్నయ్యను సవరిస్తూ ఉంటే ఆ గొంతు వింటూ పళ్లు తోముకోవడం కూడా ఒక సుఖమే. ఇప్పుడూ అంతే, ఇంత గుబులులోనూ, ఈ గాలీ, ఈ జనం, పక్కన వదిన భుజం వెచ్చదనం, కడుపు నిండిన బరువు, ఏదీ చెడ్డగా లేదు. బాగుంది. పిడికిలి ఒక్కటే బాగాలేదు.

బాబిన్లు పెట్టడం ఆమె ఆలోచనే, అంటించడం వదిన పట్టుదల. యంత్రం మూడు కిలోలు దాటకూడదు, దాటకపోతే చాలు గదా, కాదట, సరిగ్గా మూడు ఉండాలట, తోపుడులో ప్రతి గ్రామూ లెక్కే. చూస్తే అరవై గ్రాములు తక్కువ వచ్చింది. షాపులో డబ్బా తీసి ఆరు ఒట్టి బాబిన్లు పెడితే యాభై నాలుగు, మిగిలిన ఆరు గ్రాములకు దారం చుట్టుకుంటాను అంది వదిన, ఎర్రదే చుట్టింది, మొండిఘటానికి ఎరుపు బాగుంటుందని, లెక్కల టీచరుకు కూడా అలాంటి ముచ్చట్లు ఉంటాయి. ఆరింటికీ సమంగా ఒక్కో గ్రాము చుట్టి ఉంటే ఒక్కొక్కటీ పది, పది అంటే దాటనట్టే, మించితేనే తప్పు అంటోంది నియమం. ఆ ఆశ మీదే ఆమె ఇంతసేపూ కూర్చుంది, వదిన ఎప్పుడూ సమంగా పంచే మనిషి, పండు కోసినా కొలత బద్దతో కోసినట్టే ఉంటుంది. కానీ ఆరింటికీ ఎరుపు ఉందా? గుర్తు రాదు. స్క్రూలతో బిగిద్దాం వదినా అంటే జిగురు చాలు అంది. అయితే నూనె తుడువు, నా షాపులో గోడకు కూడా నూనె పూత ఉంటుంది అంటే, నాకు తెలుసు అంది. తుడిచానని అనలేదు. నాకు తెలుసు అంది. ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఎదురుగా పళ్ల డాక్టరు ఒక్కడే కూర్చుని డబ్బాలోంచి తింటున్నాడు, పక్క కుర్చీలో జ్ఞానదంతం, దాని మీద తువ్వాలు కప్పాడు, చలేస్తుందన్నట్టు. ఓడిపోయాక వచ్చి ఇద్దరికీ చేతులు జోడించాడు, మీ యంత్రం చూస్తే నాకు మా అత్తగారు గుర్తొచ్చారండీ, ఎదురుతిరిగి లాభం లేదనిపించింది, అన్నాడు. మంచివాడు. మంచివాడు కాకపోతే ఎంత బాగుండేది. మొరటుగా ఏదో అని ఉంటే ఈ బాబిన్ ఇప్పటికి బ్యాగు అడుగున ఉండేది, అలా అనుకుని ఆమె తనను చూసి తనే నవ్వుకుంది, చేసిన పనికి అవతలివాడి మర్యాద కూడా అడ్డొస్తోందా నీకు. ఒకటిన్నర. రిఫరీ చేయి కడుక్కుంటోంది. కుర్రకారు బరి మీద తడిగుడ్డ వేసి తుడుస్తున్నారు, నల్లగా మెరుస్తోంది. వదినకు వెనక వరసలో ఎవరో శాలువా కప్పబోతే నిద్రలోనే వద్దని చేయి ఊపింది. ఫైనల్ గెలిస్తే ఏమవుతుంది, ఏమీ కాదు, ఒక కప్పు ఇస్తారు, టీవీ పక్కన పెడతారు, వదిన రోజూ తుడుస్తుంది. రోజూ తుడుస్తుంటే రోజూ చూడాలి. దొంగకు తేలు కుట్టినట్టు రోజూ. ఆ కప్పు పక్కనుంచి నడిచి వెళ్లి మంచినీళ్లు తాగాలి, ఎన్నేళ్లు, పది, ఇరవై. ఈ నిద్ర చెడగొట్టడమా, ఆ ఇరవై ఏళ్లు చెడగొట్టుకోవడమా.

ఒళ్లోకి చూసుకుంది. ఒళ్లో ఎర్రగా ఒక గుట్ట. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, ఎడమ చేతి వేళ్లు దారం కొస పట్టుకుని లాగుతున్నాయి, లాగేశాయి, బాబిన్ ఒట్టిదైపోయి అరచేతిలో తెల్లగా మెరుస్తోంది. రిపేరుకు వచ్చిన మిషను ఏదైనా ఆమె మొట్టమొదట చేసే పని అదే, బాబిన్ తీసి పాత దారం లాగి పారేయడం, వేళ్లకు అలవాటైపోయింది, అడక్కుండానే చేసుకుపోతాయి. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వాగిపోయింది, ఎందుకంటే ఇప్పుడు ఇది తొమ్మిది గ్రాములు. ఎవరి ముందు పెట్టినా తొమ్మిది గ్రాములు. దారం బ్యాగులో వేసెయ్, బాబిన్ పట్టుకెళ్లి రిఫరీకి ఇయ్యి, ఇది రాలింది చూడండి అను, తూస్తుంది, పరవాలేదు అంటుంది, పళ్ల డాక్టరు వచ్చి నీ నిజాయితీకి ఇంకోసారి చేతులు జోడిస్తాడు, ఫైనలూ నీదే, మంచిపేరూ నీదే. ఇంత నున్నటి ఆలోచన తన బుర్రలోనే పుట్టిందంటే ఆమె నమ్మలేకపోయింది. నిజంగా భయం వేసింది, బాబిన్ దాచినప్పుడు కూడా వేయనంత భయం. మొండిఘటమే నయం, తెల్ల అంచు కనబడితే వెనక్కి తిరుగుతుంది. ఆమె వదిన మోచేతి మీద చేయి వేసింది.

"వదినా."

"నిద్రపోవట్లేదు, చెప్పు" అంది వదిన కళ్లు మూసుకునే.

"మూడో పట్టులో మన బాబిన్ రాలింది. నేను కాలు వేసి దాచాను."

వదిన కళ్లు తెరిచింది. బాబిన్ చూసింది, దారం గుట్ట చూసింది, తాడు కట్టిన బల్ల మీద మొండిఘటాన్ని చూసింది. ఏదో ఒకటి అంటుందని ఆమె ఎదురుచూసింది, నువ్వు పక్కన ఉండి కూడా అంటుంది, ఆ జిగురు డబ్బా పాతదే అంటుంది, నేల ఎగుడుదిగుడుగా ఉందంటుంది, రైలు దారి తప్పింది అంటుంది. వదిన అద్దాల కోసం ఒళ్లో తడుముకుంది.

"దారం ఎంత చుట్టావు? గ్రామేనా?" అని ఆమె అడిగింది, అడుగుతుంటే ఇంకా ఆశగానే ఉంది.

"వెనక మూడింటికీ రెండేసి గ్రాములు. వెనక వైపు తేలిగ్గా ఉందని." వదిన అద్దాలు పెట్టుకుంది. "పదకొండు. పద."

ఇరవై అడుగులు నడవడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు, చేతుల్లో దారం ఉండటంతో కొలవడం కుదరలేదు. రిఫరీ విన్నది, కనుబొమలు ముడిచింది, బాబిన్ తీసుకుని తూకం మీద పెట్టింది. అంకెలు తిరిగి తిరిగి నిలబడ్డాయి. "తొమ్మిది. పది దాటలేదమ్మా, ఏ ఇబ్బందీ లేదు, వెళ్లి కూర్చోండి" అంటూ బాబిన్ వెనక్కి ఇవ్వబోయింది. వదిన కదల్లేదు, తల తిప్పి ఆడపడుచు వైపు చూసింది, అంతే. ఆమె ఎడమ చేతిలోని ఎర్ర చిక్కునంతా ఎత్తి బాబిన్ పక్కన పెట్టింది. "ఇది కూడా దానిదేనండీ. కూర్చున్నచోట తెలియకుండా లాగేశాను." దారం ఒక కొస బల్ల మీద వేలాడుతుంటే దాన్ని కూడా ఎత్తి లోపల పెట్టింది. పదకొండు. అంకె చూడగానే ఆమె అరచేయి ఎంత తేలికైందంటే, ఆ చేతిని ఏం చేయాలో తోచక జేబులో పెట్టుకుంది.

పళ్ల డాక్టరును పిలిచారు, నోట్లో ముద్దతోనే వచ్చాడు, సంగతి విని మింగలేక మాట్లాడలేక తల అడ్డంగా ఊపాడు, వద్దంటున్నాడో నమ్మలేనంటున్నాడో తెలియలేదు. "వద్దనడానికి లేదండీ, నియమం" అంది రిఫరీ, ఫారం ఒకటి తీసి నింపసాగింది, రాలిన భాగం, బరువు, ఎన్నో పట్టు, ఎవరు చెప్పారు. చివర వీళ్లిద్దరూ సంతకం పెట్టాలి. ఆమె పెట్టింది. వదిన పెన్ను తీసుకుంది, ఫారం పై నుంచి కింది దాకా చదివింది, ఏదో వెతుకుతున్నట్టు మళ్లీ చదివింది.

"ఎందుకు రాలిందో రాయడానికి చోటేది?"

"అదక్కర్లేదమ్మా."

"అక్కరుంది." వదిన గొంతు మామూలుగానే ఉంది, క్లాసులో చెప్పే గొంతు. "తప్పు నాది. నూనె తుడవకుండా అంటించాను. తుడవమని ఇది చెప్పింది. నేను వినలేదు. రాసుకోండి."

ఆమె పక్కకు తిరిగి వదిన మొహం చూసింది. ముప్పై రెండేళ్లు ఒకే ఇంటి కప్పు కింద ఉండి, ఒకే కుళాయి నీళ్లు తాగి, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆ నోట వినని మాట, అదీ నలుగురిలో, అదీ గొంతు తగ్గించకుండా. ఫైనల్ పోయిందన్న బాధ ఎక్కడో ఉంది, ఉండాలి, వెతికితే దొరుకుతుంది, కానీ ఆమెకు ఇప్పుడు వెతకాలని లేదు, కళ్లల్లో నీళ్లు నిండి నవ్వొస్తోంది, సంతోషంగా ఉంది, ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సంతోషంగా ఉంది. "కాదండీ, దాచింది నేను" అనబోతే వదిన చేయి అడ్డం పెట్టింది, "నీ సంగతి తర్వాత" అంది.

"కానీ దానికి ఫారంలో గడి లేదమ్మా" అంది రిఫరీ.

"గీయండి."

పోస్టాఫీసు ఆవిడ ఒక్క క్షణం వదిన వైపు చూసి, సొరుగులోంచి స్కేలు తీసి, సంతకాల పైన ఖాళీలో జాగ్రత్తగా గీత గీయడం మొదలుపెట్టింది. వదిన అద్దాలు సర్దుకుని, బల్ల మీదికి వంగి చూసింది.

"ఇంకొంచెం పెద్దది గీయండి" అంది. "రెండు లైన్లు పట్టాలి."